మూడో మలుపు మీద క్యారియర్

లోయ మొత్తానికీ బాధ్యురాలు ఒకే ఒక్క మనిషి. కొండల దగ్గర నుంచి సముద్రం దాకా, నది మలుపులు మూడూ, పాత రేవూ, ఉప్పుమడులూ, పద్నాలుగు ఊళ్లూ ఆమె చేతికిందే ఉండేవి. ఆ లోయ పొడవు పదకొండు అడుగులు, వెడల్పు అయిదు. రోజూ ఉదయం తొమ్మిదిన్నరకు ఆమె వరద ఆఫీసు తలుపు తీసి, చెప్పులు బయట విడిచి, మెత్తటి కుంచె పుచ్చుకుని కొండల మీద దుమ్ము దులపడం మొదలుపెట్టేది. ఆ దుమ్మును మలుపుల వెంట కిందికి ఊడ్చుకుంటూ వచ్చి, సముద్రం దగ్గర చేటలోకి ఎత్తి బయట పారబోసేది. అసలు నది కూడా వేల ఏళ్లుగా చేస్తున్న పని అదే. కాకపోతే దాని దగ్గర చేట లేదు.

చేట లేకపోవడం వల్లే అక్కడి చరిత్రంతా జరిగింది. ఒకప్పుడు సముద్రం ఈ ఆఫీసు గోడ దాకా వచ్చేది. అప్పట్లో ఆ భవనం రేవు కచేరీ. ఓడల తాళ్లు కట్టడానికి గోడకు బిగించిన ఇనుప కడియాలు ఇంకా ఉన్నాయి, గుమస్తాలు వాటికి సైకిళ్లు కట్టుకుంటారు. వసారా ముందు నుంచి కిందికి దిగే పదకొండు రాతిమెట్లలో తొమ్మిది ఒండ్రులో పూడిపోయాయి, మిగిలిన రెండింటి కింద కూరగాయల మడి ఉంది. నది తెచ్చిన ఒండ్రు పేరుకుని పేరుకుని సముద్రాన్ని నాలుగు కిలోమీటర్లు వెనక్కి నెట్టేసింది. ఓడలు రావడం మానేసి నూటపదేళ్లు దాటింది. అయినా నెలవారీ రిపోర్టులో ‘వచ్చిన ఓడలు’ అనే గడి అలాగే ఉండిపోయింది, అందులో ప్రతినెలా ‘లేవు’ అని రాసేది కూడా ఆమే. రెండో మలుపు దగ్గర పొలం దున్నుతుంటే దొరికిన లంగరుకు ఒక రైతు తన ఆవును కట్టేస్తాడు. ఆవు ఇంతవరకూ కొట్టుకుపోలేదు.

ఆమెను అందరూ లోయక్క అనేవారు. యాభై నాలుగేళ్లు, బక్కపలచటి మనిషి, మాట తక్కువ. కళ్లజోడుకు దారం కట్టి మెడలో వేసుకునేది, వంగినప్పుడు అది జారిపడితే ఏ ఊరి మీద పడుతుందోనని భయం. పెళ్లి మాటెత్తితే, తమ్ముణ్ని పెంచేసరికే తెల్లారిపోయిందనేది. అమ్మానాన్నలు పోయేనాటికి తమ్ముడికి తొమ్మిదేళ్లు, ఆమెకు ఇరవైరెండు. ఆ ఏడే ఈ ఉద్యోగంలో చేరింది.

ఆఫీసు బల్ల మీదున్న ఆ మైనపు లోయను తయారుచేసింది కొవ్వొత్తులు పోసే ఒక మేస్త్రీ. పెద్ద వరద ఒకటి వచ్చిపోయాక, నీళ్లు ఏ దారిన వచ్చాయో ఎవరికీ అర్థం కాక, అప్పటి ఆఫీసరు అతన్ని పిలిపించాడు. మేస్త్రీ ముళ్లు వేసిన తాడూ ఒక కర్రా పట్టుకుని రెండేళ్లు లోయంతా తిరిగాడు. తర్వాత రంపపు పొట్టూ సున్నమూ కలిపి అడుగు వేసి, పైన తేనెమైనం పోశాడు. మొదటిసారి అన్నీ సరైన కొలతలకు చేస్తే కొండలు దోమ కుట్టిన దద్దుర్లలా వచ్చాయట. ఆఫీసరుకు తల కొట్టేసినట్టయి, కొండలను మాత్రం అయిదింతలు పెంచమన్నాడు. అందుకే అక్కడి బడిపిల్లలు ముందు మైనపు కొండలు చూసి, తర్వాత నిజం కొండలు చూసి, ఇంతేనా అని మొహాలు వేలాడేసేవారు.

వానాకాలం ముందు ఏడాదికోసారి నీళ్ల పరీక్ష జరిగేది. లీటరు పట్టే చిల్లుల మూతి డబ్బాతో లోయక్క కొండల మీద నీళ్లు పోయాలి. పైకి వినబడేలా మూడువందలు లెక్కపెడుతూ పోయాలి. ఆఫీసరూ గుమస్తాలూ ఫైళ్లు గుండెలకు హత్తుకుని బల్ల చుట్టూ నిలబడేవారు, ఊళ్లవాళ్లు కిటికీల్లోంచి చూసేవారు. పోసిన నీళ్లలో కొన్ని సముద్రంలోకి పోయేవి, కొన్ని ఎక్కడో ఒకచోట నిలిచేవి. నిలిచిన చోట ఎర్ర గుండుసూది గుచ్చేవారు. ఆ ఏడు మొదటి పెద్దవానకు, ఆ సూది ఉన్న చోట కాపురముండేవాళ్లు మూడు రోజులు ఇల్లు ఖాళీ చెయ్యాలి. అది చట్టం. వానను అడిగి చేసిన చట్టం కాదు.

మొదట్లో ఆ నీళ్లు ఏటా ఒకేచోట నిలిచేవి. ఆఫీసు దగ్గర. మేస్త్రీ మనిషి నిజాయితీపరుడు, రేవు ఉన్న పల్లాన్ని పల్లంగానే చేశాడు. దాంతో ఏటా ఎర్ర సూది ఆఫీసు నెత్తినే పడేది, ఆఫీసు తనకు తానే నోటీసు ఇచ్చుకుని, ఫైళ్లు బళ్లకెత్తించుకుని మూడు రోజులు ఎక్కడో తలదాచుకునేది. పనిచేసే ప్రతి ఆఫీసరుకూ అది ప్రాణసంకటం.

ఇలా ఉండగా ఇరవైరెండేళ్ల కిందట, పరీక్షకు ముందురోజు, లోయక్కకు తమ్ముడితో మాటామాటా వచ్చింది. వాడికప్పుడు పంతొమ్మిదేళ్లు. చదువు చాలించి, ఆఫీసు పక్కనున్న షెడ్డులో నీళ్ల మోటార్లు బాగుచేయడం నేర్చుకుంటున్నాడు. చదువు ఎందుకు మానావని ఈమె, నా ఇష్టమని వాడు. వాడు రెండుపూటలు తిండి మానేశాడు. మధ్యాహ్నం ఆమె ఉండబట్టలేక ఇంటికి పరిగెత్తి, వేడివేడిగా వండి, నాలుగు గిన్నెల క్యారియర్లో సర్ది, షెడ్డుకు కబురుపెట్టి ఆఫీసుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు గదిలో ఫోను మోగింది. బల్లలన్నీ పరీక్ష ఫైళ్లతో నిండి ఉన్నాయి. ఒక్క నిమిషమే కదా అనుకుని క్యారియర్ను లోయలో ఇల్లూవాకిలీ లేనిచోట, మూడో మలుపు పక్కన పెట్టింది.

ఫోను చేసినాయన ఎక్కడో దూరపు నగరంవాడు. పాత రేవుల జాబితా చూసి, తర్వాతి ఓడ ఎప్పుడొస్తుందని అడిగాడు. రాదంది. పోనీ వచ్చేవారమా అన్నాడు. ఇక్కడ సముద్రమే లేదని అతనికి నమ్మకం కుదిరేసరికి ఆరు నిమిషాలు పట్టింది. ఆమె తిరిగొచ్చి క్యారియర్ ఎత్తితే దాని అడుగున మైనం తీగలు తీగలుగా సాగింది. మూడో మలుపు పక్కన గుండ్రంగా, రెండు వేళ్ల లోతున గుంట పడింది.

తమ్ముడు వచ్చాడు, వసారా మెట్ల మీద కూర్చుని తిన్నాడు, ఇంకా ఉందా అని అడిగి గిన్నె అడుగు కూడా తుడిచాడు. అక్క వెనక తేలు కుట్టిన దొంగలా నిలబడింది. సాయంత్రం గుంట పూడ్చుదామనుకుంది. ఆఫీసరు పరీక్ష ఏర్పాట్లంటూ బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు నీళ్లు పోసింది. మూడువందలూ లెక్కపెట్టింది. నీళ్లు కొండలు దిగి, రెండు మలుపులు తిరిగి, మూడో మలుపు దగ్గర ఆ గుంటలోకి దిగి హాయిగా పడుకున్నాయి. ఆఫీసు దగ్గర చుక్క లేదు. ఆఫీసరు మొహం మతాబాలా వెలిగింది. ఇన్నాళ్లకు ఈ లోయ సరిగ్గా పనిచేసిందని, మనిషిని పంపించి అందరికీ టీలు తెప్పించాడు. నిజం చెబుదామని నోరు తెరిచిన లోయక్క చేతిలో కూడా ఒక గ్లాసు పెట్టారు. తాగేసింది. ఆ తాగేయడమే ఆమె చేసిన తప్పు, క్యారియర్ది కాదు.

ఇక ఎర్ర సూది పడ్డాక ఆ గుంట గుంట కాదు, రికార్డు. ‘లోయను ముట్టుకోరాదు’ అని గోడ మీద బోర్డుంది. అదీ ఆమె చేతిరాతే.

రెండేళ్లకు తమ్ముడు ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. మూడో మలుపు దగ్గర జాగా కారుచవకగా వస్తోంది, నీళ్లు నిలిచే చోటని ఎవరూ కొనడం లేదు. కొనమంటావా అని అక్కను అడిగాడు. ఇక్కడ ఆమె గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆ చోట నీళ్లు నిలవవని లోకంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ తెలివిని వాడుకుంది. కొనుక్కోరా, నీళ్లు రావు అంది. నీకెలా తెలుసన్నాడు. నాకు తెలుసులే అంది. వాడు సర్కారు సూదిని కాదని అక్క మాట మీద ఇల్లు కట్టాడు. పెద్ద హాలు, మూడు గదులు, గట్టి పునాది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు జరిగిన తంతు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మొదటి పెద్దవాన పడగానే జీపు మైకుతో మూడో మలుపుకు వెళ్లేది. తమ్ముడు, మరదలు పెట్టె సర్దుకుని, కోళ్లను గంపకింద మూసి, తాళం వేసి, ఊరి బడికి వెళ్లి మూడు రోజులు బెంచీల మీద పడుకునేవారు. ఇంటి దగ్గర నీళ్లు నిలవడం మాట అటుంచి, వాన వెలిసిన గంటకల్లా వాకిలి ఆరిపోయేది. అదే మూడు రోజులూ ఆఫీసులో మోకాలిలోతు నీళ్లు నిలిచేవి. గుమస్తాలు కాళ్లు కుర్చీలమీద పెట్టుకుని, మూడో మలుపు మునక ప్రాంతాన్ని ఖాళీ చేయించాం అని రిపోర్టులు రాసేవారు. ఆఫీసులో నీళ్లను మాత్రం ‘చెమ్మ’ అని రాసేవారు, ఎందుకంటే బల్ల మీద అక్కడ నీళ్లు లేవు. ఆ చెమ్మను తోడటానికి మోటారు కావాలి కదా. మోటార్ల మేస్త్రీ ఎవరు? తమ్ముడే. పొడిగా ఉన్న సొంత ఇంటికి తాళం వేసి, బడి నుంచి వచ్చి, ఆఫీసులో నీళ్లు తోడి, మళ్లీ బడికి పోయి పడుకునేవాడు.

ఒక ఏడు ఆ మూడు రోజుల్లోనే మరదలు ప్రసవించింది, రెండో తరగతి గదిలో. ఆడపిల్ల. ఆ పిల్లను అందరూ వరద అని పిలిచారు. ఆ ఇంటికి వచ్చిన వరద అదొక్కటే. పురిటి మంచం పక్కన కూర్చుని లోయక్క వెక్కివెక్కి ఏడిస్తే, మేనత్తకు ఎంత ప్రేమో అనుకున్నారు.

చెబుదామని ఆమె ఏటా అనుకునేది. నోటిదాకా వచ్చేది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి అన్న దగ్గర ఆగిపోయేది. ఏడాది గడిచేకొద్దీ ఆ ప్రశ్న ఒక ఏడు పెరిగేది.

పోయిన ఏడు కొత్తాఫీసరు వచ్చాడు. చిన్నవాడు, చురుకైనవాడు, ఏదీ మర్నాటికి మిగల్చడు. ఇరవైరెండేళ్ల సూదుల పట్టిక చూసి, ఒకే కుటుంబాన్ని ఏటా ఇలా మోసుకుతిరగడం అన్యాయం అన్నాడు. లోయక్క ప్రాణం లేచొచ్చింది. అందుకని, ఈసారి పరీక్షలో కూడా అక్కడే నీళ్లు నిలిస్తే ఆ ఇంటిని శాశ్వతంగా కూల్చేసి, ఆ చోటును జలాశయం కింద రాసేద్దాం అన్నాడు. లేచొచ్చిన ప్రాణం మళ్లీ అక్కడే కూలబడింది.

నోటీసు అందగానే తమ్ముడు అక్క ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. అడగడానికి వాడికి మొహమాటంగా ఉంది.

“అక్కా, నీళ్లు పోసేది నువ్వే కదా. కొంచెం అటూఇటూ చూసి పొయ్యి. నేను నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు.”

“అలాగేరా” అంది. 

ఆ మర్నాటి మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లగానే ఆమె తలుపు గడియ పెట్టింది. బీరువాలోంచి నాలుగు కొవ్వొత్తులు తీసింది. కరిగించడానికి గిన్నె కోసం వెతికితే దొరికింది ఆ పాత క్యారియర్ గిన్నె ఒక్కటే. మైనం కరిగించి గుంటలో పోసి, బొటనవేలితో మెత్తగా రుద్ది, ఆకుపచ్చ రంగు పూసింది. ఇరవైరెండేళ్ల గుంటకు పావుగంట పట్టింది. చేతి పని గొప్పగా కుదిరింది. తమ్ముడి ఇంటి గుర్తుగా ఉండే అగ్గిపుల్ల ముక్కను మళ్లీ అదే చోట గుచ్చింది.

ఆ ఏడు వానలు తొందరపడి ముందే దిగాయి. పరీక్షనాటికి ఆఫీసులో చీలమండలలోతు చెమ్మ ఉంది. ఆఫీసరు పంట్లాం మడుచుకుని నిలబడ్డాడు. కిటికీలో తమ్ముడు, పక్కన మరదలు, వరద. లోయక్క డబ్బా ఎత్తింది. ఒకటి, రెండు, మూడు. నీళ్లు కొండలు దిగాయి. రెండో మలుపు తిరిగాయి. అందరి తలలూ మూడో మలుపు మీదికి వంగాయి. నీళ్లు అక్కడ ఆగలేదు. ఎవరినీ పలకరించకుండా అగ్గిపుల్ల పక్కనుంచి సాగిపోయి, పాత రేవులోకి దిగి, ఆఫీసు చుట్టూ నిలిచాయి. మేస్త్రీ అంత శ్రద్ధగా చేసిన చిట్టి ఆఫీసు కిటికీల దాకా మునిగింది.

కిటికీలో తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు చూసి లోయక్కకు కళ్లనీళ్లు తిరిగాయి. అయిపోయిందనుకుంది. ఇక ఎవరికీ ఏదీ చెప్పనక్కర్లేదనుకుంది.

ఆఫీసరు బల్ల మీది నీళ్లను చూశాడు.  తర్వాత మెల్లగా తన పాదాలు చూసుకున్నాడు. మనం మునిగినట్టున్నాం అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లుగా అక్కడే ఉన్న ముసలి అటెండరు, అవును సార్, ఏటా మునుగుతాం అన్నాడు. మరి ఎవరూ చెప్పలేదేమిటని ఆఫీసరు అడిగితే, బల్ల ఒప్పుకోలేదు సార్ అని జవాబు.

ఎర్ర సూది ఆఫీసు నెత్తిన గుచ్చారు. ఆఫీసరు దేన్నీ మర్నాటికి మిగల్చడని చెప్పుకున్నాం కదా. ఏటా మూడు రోజుల వలస ఎందుకు, ఆఫీసునే శాశ్వతంగా భద్రమైన చోటికి మార్చేద్దాం అన్నాడు. నీళ్లు నిలవని చోటు, గట్టి పునాది, పెద్ద హాలు ఉన్న ఇల్లు కావాలి. అతని వేలు మైనం మీద మెల్లగా జరిగింది. రేవు దాటింది, ఉప్పుమడులు దాటింది, మూడో మలుపు దగ్గరకు వచ్చి, కొత్త నునుపు వేలికి తగిలి ఆగింది. ఎంత చదునైన చోటు అన్నాడు. ఆ అగ్గిపుల్ల ఇంటిని ప్రజాప్రయోజనం కోసం స్వాధీనం చేసుకోమని గుమస్తాకు అక్కడికక్కడే చెప్పాడు.

పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. కిటికీలో తమ్ముడి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తియ్యడం మరిచిపోయినట్టు. లోయక్క డబ్బా కింద పెట్టింది. ఇరవైరెండేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట ఇప్పుడు ఆగలేదు.

“అక్కడ ఎప్పుడూ నీళ్లు లేవండి. అది నా అన్నం క్యారియర్ అడుగు. వేడిది పెట్టాను, మైనం కరిగింది. మొన్న నేనే పూడ్చాను. నన్నేం చేసినా చెయ్యండి, ఆ ఇంటి జోలికి వెళ్లకండి.”

 ఆఫీసరు పట్టిక తిరగేశాడు.

“క్యారియర్ సంగతి ఏ ఫైల్లో ఉందమ్మా?”

“ఫైల్లో లేదండి. నేను పెట్టాను.”

“ఫైల్లో లేనిదాన్ని మీరెలా పెట్టారు?”

 తొమ్మిదిమంది ఆఫీసర్లు సంతకాలు పెట్టిన ఇరవైరెండు పరీక్షలు ఒక అన్నం గిన్నె అడుగు మీద నిలబడ్డాయంటే నమ్మే రకం కాదు అతను. అయినా చెడ్డవాడు కాదు, ఓపిగ్గా వివరించాడు. ఆమె చెప్పింది అబద్ధమైతే పరీక్ష ఫలితం చెల్లుతుంది. నిజమైతే మరీ మంచిది, అక్కడ ఎప్పుడూ నీళ్లు లేవని సాక్ష్యం కూడా దొరికినట్టే, ఆఫీసుకు అంతకంటే భద్రమైన చోటు లోయలోనే లేదు. ఎటు తిప్పినా ఇల్లు పోవాల్సిందే. రిపోర్టులో మాత్రం, ఉద్యోగిని కొంత ఉద్వేగానికి లోనయ్యారు అని రాయించాడు.

కిటికీ దగ్గర జనం పక్కకు జరిగారు. తమ్ముడు కమ్మీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొంతు పెంచలేదు.

“ఇరవైసార్లు పెట్టె సర్దుకున్నాం. పిల్ల బడి బెంచీ మీద పుట్టింది. నాకైనా చెప్పలేదేం అక్కా?”

“సిగ్గేసిందిరా” అంది లోయక్క.

తమ్ముడు కమ్మీలు వదిలి వెళ్లిపోయాడు.

ఇంటి సంగతి ఒడ్డున పడేసింది అటెండరే. ముప్ఫై నాలుగేళ్లలో అతను చదవని రూలు లేదు, పాటించింది కూడా లేదు. ఆఫీసు భవనానికి ఇరవైనాలుగు గంటల కాపలాదారు ఉండాలనీ, అతను కుటుంబంతో సహా అదే ఆవరణలో కాపురముండాలనీ ఓడల కాలంనాటి రూలు ఒకటి తవ్వితీశాడు. ఆఫీసరు రూలును తలకిందులుగా పట్టుకుని కూడా చూశాడు, ఎక్కడా దోషం దొరకలేదు. అలా తమ్ముడు తన ఇంటికి తానే కాపలాదారయ్యాడు. హాలు ఆఫీసుకు, గదులు మూడూ కాపలాదారు కుటుంబానికి. సొంత గుమ్మంలో అడుగుపెట్టేటప్పుడు సంతకం పెట్టాలి, అంతే.

లోయను ఎనిమిది ముక్కలుగా కోసి లారీకెత్తారు. ఆ రోజు వాన తెరిపిచ్చి ఎండ ఫెళ్లున కాసింది. లోయ లోయలోంచి ప్రయాణం చేస్తుంటే ఊళ్లవాళ్లు అరుగుల మీదికి వచ్చి, వాళ్ల ఊరు లారీలో పోవడం చూశారు. లోయక్క తడి గోనెపట్టాలు కప్పి, మూడో మలుపు ముక్కను ఒళ్లో పెట్టుకుని గొడుగు పట్టుకుంది. ముప్ఫై రెండేళ్లు లోయను పైనుంచి చూసిన మనిషి ఆ దారిలో పోవడం, తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు తప్ప, ఎప్పుడూ లేదు. అప్పుడు కూడా దోషిలా తలవంచుకునే వెళ్లేది. ఈసారి తలెత్తి చూస్తే, బల్ల మీద ఊరంతటికీ ఆమె ఒక్క అగ్గిపుల్ల గుచ్చిన చోట నలభై ఇళ్లున్నాయి. ఆరేసిన బట్టలున్నాయి, ఒకచోట ఒక ముసలాయన మంచం కోళ్లు బిగిస్తున్నాడు. ఎండకు మైనపు కొండలు కొంచెం కుంగాయి. ఆఫీసరు కొలిపించి, కొండలు తగ్గినవి అని రికార్డు చేయించాడు. ఇప్పుడు అవి నిజం కొండలకు కాస్త దగ్గరగా ఉన్నాయి.

హాల్లో బల్ల వేశాక లోయక్క పని పెరిగింది. సాయంత్రాలు ఊళ్లు తిరిగి ఇళ్లు లెక్కపెట్టుకుని, పొద్దున అగ్గిపుల్లలు చీల్చి ఇంటికొకటి గుచ్చుతోంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. తమ్ముడు మాత్రం పలకడం లేదు. అదే హాల్లో రోజుకు పదిసార్లు తిరుగుతాడు, సంతకం పెడతాడు, వెళ్లిపోతాడు. మరదలే మధ్యాహ్నం అన్నం పెడుతుంది. లోయ ఉన్న గదిలోకి మూతలేని పాత్ర రాకూడదని ఆఫీసరు రూలు పెట్టడంతో, పన్నెండు అడుగుల దూరంలో ఉన్న వంటింట్లోంచి కూడా అన్నం క్యారియర్లోనే రావాలి. ఇంట్లో ఉన్నది ఆ పాత క్యారియరే, ఆఫీసు సామానుతో పాటు వచ్చింది. దాని అడుగు అంచున మైనం చార ఇంకా ఉంది. వదినా, ఇది ఎంత తోమినా పోవడం లేదని మరదలు ఒకరోజు అంది. దాన్ని పోనివ్వవద్దంది లోయక్క.

నెలా పదిరోజులకు, ఒక మధ్యాహ్నం మరదలు ఊళ్లో లేదు. లోయక్క ఫోన్లో ఉంది. ఎవరో పాత జాబితా చూసి, తర్వాతి ఓడ ఎప్పుడని అడుగుతున్నాడు. రావండీ, ఇక్కడ సముద్రం లేదండీ అని ఈమె చెబుతోంది. వంటింటి తలుపు తీసుకుని తమ్ముడు వచ్చాడు, చేతిలో క్యారియర్. అప్పుడే దించిన అన్నం, పొగలు కక్కుతోంది. కుర్చీల నిండా ఫైళ్లు. వాడు బల్ల పక్కన నిలబడ్డాడు. పిడి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

ఫోన్లో ఆయన, పోనీ వచ్చేవారమా అంటున్నాడు. లోయక్క చేత్తో ఫోను మూసింది.

“చెయ్యి కాలుతుందిరా, పక్కన ఎక్కడైనా పెట్టు.”

తమ్ముడు కొండల నుంచి సముద్రం దాకా ఒకసారి చూశాడు. రెండో మలుపు చూశాడు, మూడో మలుపు చూశాడు. చెయ్యి మార్చుకున్నాడు.

“ఎక్కడ పెట్టమంటావక్కా? అంతటా మనుషులున్నారు.”